కొంగు మీది ఎర్ర మరక

పోయిన నెలలో ఒక ఉదయం, నేను ముప్పై ఏళ్ళకు పైగా సైన్సు చెప్పిన బడి నుంచి ఇప్పటి ప్రధానోపాధ్యాయిని తిరువళ్ళూరులోని మా ఇంటికి ఫోను చేసింది. ఒకప్పుడు నా దగ్గర చదివిన పిల్లే కనుక ఇప్పటికీ నన్ను టీచర్ అనే పిలుస్తుంది. బళ్ళో పిల్లలు చేతులు కడుక్కోవడానికి కొత్తగా ఒక వరుస కొళాయిలు వేయించారట, ఒక్కొక్క కొళాయి పక్కన నొక్కితే సబ్బునీళ్ళు వచ్చే సీసా గోడకు బిగించారట, సోమవారం నింపిన సీసాలు బుధవారానికే ఖాళీ అవుతున్నాయట. ఇదంతా చెప్పి, చివరలో గొంతు తగ్గించి, "బాత్రూములు కడిగే ఆమె మీదనే అందరికీ డౌటు టీచర్, ఆమెను తీసేయమంటా ఉండారు, మీరొకసారి వచ్చి చూసి చెప్పండి" అన్నది.

ఫోను పెట్టేసి, నా అలవాటు ప్రకారం ఒక కాగితం తీసుకుని నడిమిన నిలువుగా గీత గీశాను. ఎడమవైపు నాకు నిశ్చయంగా తెలిసినవి, కుడివైపు విన్నవి. సీసాలు ఖాళీ అవుతున్నాయన్న మాటను కూడా, నేను చూడలేదు కనుక, కుడివైపే రాశాను. ఎడమవైపు రాయడానికి ఏమీ మిగలలేదు. తెల్లగా ఉన్న ఆ సగం కాగితాన్ని చూస్తూ కూర్చుంటే, అదే బళ్ళో, ఇటువంటి సబ్బు గొడవలోనే, కుడివైపు ఉండవలసిన మాటను తీసుకువెళ్ళి ఎడమవైపు రాసిన నా చిన్నతనపు ఉద్యోగ దినాలు జ్ఞాపకం వచ్చాయి.

ఆ సంగతి చెప్పేముందు దానికీ అదే గీత గీయడం న్యాయం. సబ్బు ముక్కలు పోయిన మాట నిశ్చయం. రోజూ లెక్కపెట్టినదాన్ని నేనే. ఆనాడు బళ్ళో కక్కూసులు కడిగే ఆయమ్మ కొంగు మీద ఎర్ర మరక ఉన్న మాట నిశ్చయం. కళ్ళతో చూశాను, చేతితో పట్టుకున్నాను. నా నోటి మాట వల్ల ఆమె పని పోయిన మాట అన్నిటికన్నా నిశ్చయం. సబ్బు ఎవరు తీశారన్నది మాత్రం ఆనాటి నుంచి ఈనాటి వరకు వినికిడి, ఊహ, అంతే.

మాది అత్తిమంజేరిపేట పక్కన సేద్యం చేసుకునే కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో సగం అరవం, కాలేజీలో ఇంగ్లీషు, ఈ మూడింటి నడుమ రసాయన శాస్త్రం చదువుకుని, ఏ మాటా ఋజువు లేకుండా నమ్మరాదనే గర్వాన్ని కూడా దానితోపాటే తెచ్చుకుని, తిరుత్తణికి పళ్ళిపట్టుకు నడిమి దారిలో ఉన్న ఆ బాలికల పాఠశాలలో చేరాను. తిరుత్తణిలో అక్కావాళ్ళ ఇంట్లో ఉంటూ, పొద్దున్నే పళ్ళిపట్టు బస్సెక్కి బడికి పోయేదాన్ని. చెరకు కోతల రోజుల్లో బస్సు ముందర చెరకు బండ్లు అడ్డం పడేవి, మా పిల్లలు వాటి వెనక పరుగెత్తి గడలు లాక్కుని, జిగురు చేతులతోనే తరగతిలోకి వచ్చేవాళ్ళు.

బడి వెనక నాలుగు కక్కూసులు, వాటి ముందర ఒక సిమెంటు తొట్టి, గొలుసుతో కట్టిన రెండు మగ్గులు, తర్వాత ఎవరో దాత పుణ్యాన వచ్చిన నాలుగు కొళాయిలు, ఇదీ ఆనాటి ఏర్పాటు. సబ్బు అన్న మాటే లేదు. పెద్ద పిల్లలు చాలామంది ఆ తలుపులు తెరవవలసి వస్తుందన్న భయంతో పొద్దుటినుంచి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్ళు తాగకుండా గడిపేవాళ్ళని నాకు చేరిన ఆరు నెలలకు గాని తెలియలేదు. వానల కాలంలో వరుసగా కడుపునొప్పులు, వాంతులు వచ్చినప్పుడు గేటు దగ్గర అమ్మే చింతకాయల వల్లనేనని టీచర్లందరూ తేల్చేశారు. చింతకాయలు తినని పిల్లలు కూడా పడుకున్నారు గదా అని నేను అడిగితే, మరుసటి వారమే మా పెద్ద టీచరమ్మ, అంటే ఆనాటి ప్రధానోపాధ్యాయిని, నన్ను పిలిచి, "ఇన్ని ప్రశ్నలు అడిగేదానివి, నువ్వే చూసుకో" అని పిల్లల చేతులు కడుక్కోవడానికి సబ్బు పెట్టించే బాధ్యత నాకు అప్పగించారు.

ఆ పని నాకు ఎంత ఇష్టంగా ఉండేదో ఇప్పుడు చెబితే నవ్వుతారు. బట్టల సబ్బు పొడుగు కడ్డీ తెప్పించి, సన్నని తీగతో సమంగా ముక్కలు కోసి, సబ్బు తడిలో నాని కరగకుండా ఒక్కొక్క ముక్కను పాత దోమతెర గుడ్డలో మూటకట్టి కొళాయి మేకుకు వేలాడదీసేదాన్ని. అంతటితో ఊరుకుంటే నేను నేనెట్లా అవుతాను? వడపోత కాగితాలను పసుపు కలిపిన స్పిరిట్‌లో ముంచి ఆరబెట్టి, సన్నని పేలికలు చేసి, మధ్యాహ్నం భోజనాల గంట తర్వాత తరగతి గుమ్మం దగ్గర నిలబడేదాన్ని. పిల్ల తడి వేలు కాగితానికి అద్దాలి. ఎర్రబడితే సబ్బుతో కడిగినట్టు, పచ్చగా ఉండిపోతే వట్టి నీళ్ళతో సరిపెట్టినట్టు. పచ్చవేలు పిల్ల వెనక్కి కొళాయి దగ్గరికి పోవాలి. నెల తిరగకముందే ఆ గుమ్మం ముందర కిలకిలలు, తోపులాటలు. నాకు సబ్బు టీచర్ అని పేరు. ఆ కడుపునొప్పులు తగ్గాయా అంటే తగ్గినట్టే కనిపించాయి, కాని వానలు కూడా అప్పుడే వెనకపట్టాయి కనుక సబ్బు వల్లనే తగ్గాయని నేను ప్రమాణం చేయలేను.

ఆ కొళాయిలకు నీళ్ళు ఎక్కించేది, కక్కూసులు కడిగేది, తొట్టి తోమేది ఒక్క మనిషి. పిల్లలతోపాటు మేమూ ఆమెను ఆయమ్మ అనే పిలిచేవాళ్ళం. సన్నని మనిషి, మెడలో పసుపుతాడు తప్ప మరొకటి లేదు, నోరు ఎప్పుడూ ఆకువక్కతో ఎర్రగా ఉండేది. పసుపు రాసుకున్న చేతులు తుడుచుకుని తుడుచుకుని, నేత చీర కొంగు కొన పచ్చబారిపోయి ఉండేది. ఎన్నో ఏళ్ళుగా దినకూలీగా పనిచేస్తున్న ఆమెను ఉద్యోగంలో ఖాయం చేయడానికి కాగితాలు సరిగ్గా ఆ ఏడే జిల్లా ఆఫీసుకు పోవలసి ఉంది. ఆ సంగతి ఆమె రోజూ ఎవరో ఒకరితో చెప్పుకునేది. పెద్ద పిల్లలకు ఆమె అంటే ఎంతో చనువు. మాతో చెప్పని మాటలు ఆమెతో చెప్పేవాళ్ళు.

అప్పుడే సబ్బు ముక్కలు మాయం కాసాగాయి. అరిగిపోవడం కాదు, దోమతెర మూట విప్పి ముక్క తీసుకుని, గుడ్డను మళ్ళీ మేకుకు తగిలించి పోవడం. వారానికి రెండు, మూడు. ఎలుకలన్నారు, ఎలుక ముడి విప్పదు అన్నాను. కాకులన్నారు, కాకి గుడ్డను మళ్ళీ తగిలించదు అన్నాను. చివరికి డ్రాయింగు టీచరమ్మ ఒకరోజు పెద్ద టీచరమ్మ గదిలో అందరూ ఉండగా, ఆయమ్మ కొంగులో ఏదో ముడేసుకుని పోవడం తాను కళ్ళారా చూశానన్నది. ఏదో అంటే ఏది అని నేను అడిగాను. వినికిడి నాకు చాలదు, ఆమెను పిలిపించండి, చూద్దాం అన్నదాన్ని కూడా నేనే.

ఆయమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. గదిలో మేము నలుగురు టీచర్లం, బల్ల దగ్గర పెద్ద టీచరమ్మ, మూలన బీరువా పక్కన గుమాస్తా. ముడి విప్పమంటే విప్పింది. రెండు తమలపాకులు, ఒక వక్క పలుకు, అంతే. అందరూ ఊపిరి వదిలారు. నేను మాత్రం కొంగు కొనను చేతిలోకి తీసుకున్నాను. పచ్చబారిన గుడ్డ మీద, బొటనవేలంత మేర, ఎర్ర మరక. తరగతి గుమ్మం దగ్గర నేను రోజూ నలభైసార్లు చూసే ఎరుపు అదే. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషాన్ని తలచుకుంటే ఈనాటికీ సిగ్గుగా ఉంటుంది. పసుపు మీద సబ్బు పడితేనే ఈ రంగు వస్తుంది, ఈ కొంగులో తడి సబ్బు కట్టినారు అని, పాఠం చెప్పినంత స్పష్టంగా చెప్పాను.

ఆయమ్మ ఆ మరకను చూసుకుంది, వేలితో ఒకసారి రుద్దింది. "నేను తీయలేదు తల్లీ. గుడ్డ ఎర్రగైతే మనిషి దొంగైపోతాదా?" అన్నది. మరి ఎవరు తీశారో చెప్పు, పొద్దస్తమానం అక్కడే ఉంటావు గదా అని పెద్ద టీచరమ్మ గద్దించారు. ఆయమ్మ కిటికీలోంచి కొళాయిల వైపు ఒకసారి, బీరువా పక్కనున్న గుమాస్తా వైపు ఒకసారి చూసి, తల దించుకుంది. రేపటినుంచి రావద్దన్నారు. కాగితాలు ఆమె పేరు లేకుండానే జిల్లా ఆఫీసుకు పోయాయి. సైన్సు టీచరే తేల్చింది గదా అని బడంతా అనుకుంది.

ఆమె స్థానంలో వేరొక ఆమె వచ్చింది. సబ్బు ముక్కలు మునుపటిలాగే పోతున్నాయి. ఆ లెక్క నా చేతిలోనే ఉన్నా, ఒక వారం చూద్దాం, ఇంకొక వారం చూద్దాం అని నేనే నన్ను మభ్యపెట్టుకున్నాను. ఇంతలో తనిఖీ వస్తున్నదని బడి గోడలకు సున్నం కొట్టారు. ఆ మరునాడు మధ్యాహ్నం, ఎప్పుడూ పచ్చవేలుతో దొరికిపోయే ఎనిమిదో తరగతి వాగుడుకాయ ఒకతె పరుగెత్తుకుంటూ వచ్చి వేలు అద్దితే, కాగితం కుంకుమలాగా ఎర్రబడింది. మెచ్చుకోబోతున్నాను, వెనకనుంచి ఒక గొంతు.

"టీచర్, అది సోపు యాడ పూసింది? గోడ గీకినాది!"

"నువ్వు మాత్రం? నిన్న బాటనీ పిరీడుకు ఉమ్మి పూసుకోని వస్తివి గదా!"

నవ్వులు అణిగేదాకా ఉండి, గోడ గీకితే ఎర్రబడుతుందని నీకెవరు చెప్పారని అడిగాను. ఆ పిల్ల నన్ను జాలిగా చూసి, "ఆరతి నీళ్ళకు మా అవ్వ పసుపులో సున్నమేస్తాది గదా టీచర్, ఎర్రగైతాది గదా, మీ ఇంట్లో చేయరా?" అన్నది.

మా ఇంట్లో చేయకపోవడమేమిటి? అంతకు నెలకు ముందే అక్క సీమంతానికి పళ్ళెంలో పసుపు కలిపి, చిటికెడు సున్నం వేసి, వేలితో తిప్పి ఆరతి నీళ్ళు ఎర్రబరిచిందాన్ని నేనే. పదేళ్ళ వయసు నుంచి చేస్తున్న పని. కాని అది వంటింటి పని, పసుపు కాగితం ప్రయోగశాల పని. ఈ రెంటికీ నడుమ నేను కట్టుకున్న గోడ అంత మందంగా ఉండేది కాబోలు. ఆకువక్క వేసుకునేవాళ్ళు వేలికంటిన సున్నాన్ని ఎక్కడ తుడుచుకుంటారు? గోడకో, కొంగుకో. తమలపాకులు నా కళ్ళ ముందే ముడిలోంచి రాలాయి, నేను చూడలేదు. ఆ సాయంత్రం ప్రయోగశాలలో ఒంటరిగా కూర్చుని మూడు పసుపు కాగితాలు తీసుకుని, ఒకదాని మీద సబ్బు, ఒకదాని మీద సున్నం, ఒకదాని మీద చాకలి సోడా పెట్టాను. మూడూ ఎర్రబడ్డాయి. మొదటి రోజు చేయవలసిన ప్రయోగం అది.

మరునాడు పెద్ద టీచరమ్మ గదిలో, అదే టీచర్ల ముందర, గుమాస్తా కూడా ఉండగానే, మరక సబ్బుదని చెప్పడానికి నాకు ఆధారం లేదని, నేను పొరపడ్డానని చెప్పాను. ఆమె కళ్ళద్దాలు తీసి నన్ను చూసి, "పోదుం టీచర్, పోదుం" అన్నారు, ఇక చాలించమని. కాగితాలు పోయినాయి, కొత్తామె బాగానే చేస్తున్నది, మళ్ళీ ఎందుకు కెలకడం అన్నారు. కెలకాలి అన్నాను. నా తప్పును నా చేతితో రాసి సంతకం చేసి ఇస్తే ఆయమ్మను మళ్ళీ తీసుకుంటారా అని అడిగాను. పిలుచుకురా చూద్దాం అన్నారు.

శనివారం పూట బస్సు దిగి, దారి అడుక్కుంటూ ఆమె ఊరికి పోయాను. చెనక్కాయల చేలో కూలికి పోయి ఉంది. నన్ను చూసి చెట్లు పీకడం ఆపకుండానే, "ఎండలో యాల వస్తివి తల్లీ?" అన్నది. చెప్పవలసింది ముందుగానే కూర్చుకుని పోయాను గాని, గట్టు మీద నిలబడ్డాక ఒక్క మాటా వరుసలో రాలేదు. అది సున్నం మరక, నాకు తోచలేదు, నాదే తప్పు అని మాత్రం అన్నాను.

"సున్నమని నాకు తెలీదా? ఆకు యేసుకునేది నేను గదా."

మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగాను. నేను ఏడుస్తున్నానని నాకు అప్పుడే తెలిసింది. ఆయమ్మ చేతి మట్టి దులుపుకుని, పీకిన చెట్టు నుంచి నాలుగు పచ్చికాయలు తుంచి నా చేతిలో పెట్టి, "తిను, లేతగా ఉండాయి. పొద్దు వాలతా ఉండాది, తిరుత్తణి బస్సు పోతే మళ్ళీ దొరకదు, పో" అన్నది. సోమవారం వస్తాను గాని ఒక మాట వినాలన్నది. "కొళాయికాడ కట్టే సోపు కట్టు. లోపల, పెద్దపిల్లోళ్ళు పొయ్యే కక్కూసు తలుపెనక ఇంకొక ముక్క పెట్టు. దాన్ని మాత్రం లెక్కపెట్టొద్దు. యాలని అడగొద్దు."

ఆమె సోమవారం వచ్చింది. తలుపు వెనక మేకు కొట్టి సబ్బు ముక్క వేలాడదీశాను, పక్కన మూతున్న ఒక బకెట్టు కూడా ఆమె అడిగి పెట్టించుకుంది. ఆ వారం నుంచి కొళాయిల దగ్గర ముక్కలు పోవడం నిలిచిపోయింది. ఇది కూడా నిశ్చయమే, లెక్క నాదే. లోపలి ముక్కను మాత్రం మాట ప్రకారం ఎన్నడూ లెక్కపెట్టలేదు. జిల్లా ఆఫీసుకు ఆమె పేరు మళ్ళీ పోవడానికి, అక్కడినుంచి ఖాయమైనట్టు ఉత్తరం రావడానికి ఏళ్ళు పట్టింది. ఉత్తరం వచ్చిన రోజు ఆమె అందరికీ బొరుగులు, బెల్లం పంచింది, నాకు రెండు గుప్పిళ్ళు ఎక్కువ పెట్టింది. కాని మధ్యలో జారిపోయిన ఆ ఏళ్ళు ఆమె సర్వీసులో చేరలేదు, పనినుంచి దిగేనాటికి ఆ కొరత కొరతగానే మిగిలింది. ఆ ఉత్తరం ఎంత ఆలస్యమైందో అంత మేరకు తప్పు నాది.

ఇప్పుడు మళ్ళీ ఆ బడికి పోయిన సంగతి. తిరువళ్ళూరు నుంచి రైలులో తిరుత్తణి, అక్కడినుంచి అదే దారిలో బస్సు. కొలపాత్ర ఒకటి సంచిలో వేసుకుని పోయాను. భోజనాల గంటప్పుడు దూరంగా కుర్చీ వేసుకుని చూశాను. కొలపాత్రలో పట్టి చూస్తే, ఒక్క నొక్కుకు రెండు చేతులకు సరిపడేకంటే ఎంతో ఎక్కువ సబ్బునీళ్ళు పడుతున్నాయి. చిన్నపిల్లలు బుడగలు ఊదుకోవడానికి నాలుగైదు నొక్కులు నొక్కుతున్నారు. ఇదే పూర్తి కారణమని ఒక్క పూట చూసి చెప్పలేను గాని, కాగితం ఎడమవైపు రాయడానికి మొదటి వాక్యం దొరికింది. బాత్రూములు కడిగే ఆమె స్తంభం పక్కన, పిలిస్తే వినబడేంత దూరంలో, కొంగు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. ఆ నిలుచున్న తీరు నాకు తెలుసు. ఆమెను ఏమీ అడగకుండా, ఆమె వినేటట్టుగానే, వారం రోజులు ఇట్లా కొలిచి రాయండి, అంతవరకు ఎవరి పేరూ ఎత్తకండి అని ప్రధానోపాధ్యాయినితో చెప్పాను. "సరే టీచర్, మీరు చెప్తే సరే" అన్నది. నేను చెబితే సరే అని అనవద్దమ్మా, కొలిచాక సరే అను అన్నాను.

తర్వాత పెద్దపిల్లల బాత్రూము చూపించింది. తెల్లని పలకలు, లోపల గడియ, నెలసరి గుడ్డల బదులు ప్యాడ్లు ఇచ్చే పెట్టె, వాడినవి కాల్చే మిషను, గోడ మీద ఆ విషయమే చెప్పే రంగుల బొమ్మ. పదో తరగతి పిల్ల ఒకతె ఆ మిషను ఎట్లా పనిచేస్తుందో, ఇప్పటి గుమాస్తా గుమ్మం బయటే తిరుగుతున్నా కూడా, గొంతు తగ్గించకుండా నాకు వివరించింది. మా కాలంలో ఆ మాటకు పేరే లేదు. బయట కూచున్నది అనేవాళ్ళం, ఇంకా పెద్దవాళ్ళ ముందరైతే అదీ అనేవాళ్ళం కాదు. తలుపు మూసి చూశాను. వెనక మేకు లేదు, దాని అవసరమూ లేదు. మంచిదే. అయినా ఆ నున్నని పలకల మీద చేయి పెట్టి కాసేపు నిలబడ్డాను. పసుపు కాగితం గురించి అడిగితే ఆ పిల్లకు తెలియదు; ఆరతి నీళ్ళ గురించి అడిగితే, ప్యాకెట్టులో పొడి దొరుకుతుంది గదా టీచర్ అన్నది.

నాకు తేలని ప్రశ్న ఒకటి మిగిలింది. ఆ సబ్బు ముక్కలు పెద్దపిల్లలు గుడ్డలు ఉతుక్కోవడానికి తీసుకున్నారని, అది ఆయమ్మకు తెలుసునని, మగమనిషి ఉన్న ఆ గదిలో వాళ్ళ గుట్టు బయటపెట్టడం ఇష్టంలేక ఖాయం కాబోయే ఉద్యోగాన్ని వదులుకున్నదని నా ఊహ. తలుపు వెనక ముక్క, మూత బకెట్టు, ఆనాటి ఆమె చూపులు, అన్నీ అటే చూపుతున్నాయి. కాని ఒకసారి ఎర్ర మరక కూడా నాకు ఇంత స్పష్టంగానే దారి చూపింది. కనుక ఇది కుడివైపే ఉంటుంది. ఆయమ్మ ఇప్పుడు లేదు. అడగడానికి నాకు వ్యవధి లేకపోలేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఒకే బళ్ళో ఉన్నాం, ఎన్నో మధ్యాహ్నాలు ఒకే మెట్టు మీద కూర్చుని చెనక్కాయలు ఒలుచుకున్నాం. జీవితమంతా అందరినీ ఋజువు అడిగినదాన్ని, ఆమెను మాత్రం రెండోసారి అడగలేదు. నా ఊహకు అవునంటుందేమోనని భయం.